పొగమంచు పద్దు

మా ఊరి పేరు వూచ్. మా భాషలో పడవ అని అర్థం.
ఊళ్ళో నది మాత్రం కనబడదు.
మిల్లుల కాలంలోనే ఏళ్ళన్నీ గొట్టాల్లోకి దిగిపోయాయి,
వీధుల కింద ఎక్కడో నడుస్తుంటాయంటారు.

పదకొండేళ్ళు బట్టల మిల్లులో లెక్కలు రాశాను.
మిల్లు మూతపడి, పావురాలు కాపురముండి పోయాక
అవే ఎర్ర ఇటుకల మధ్య, మూడో అంతస్తులో
ఆటలు తయారుచేసే పిల్లలు చేరారు.
నూలు కండెల పద్దులు రాసిన చేత్తోనే
ఇప్పుడు వీళ్ళవి రాస్తున్నాను.

వీళ్ళ ఆటా పడవే.
పన్నెండుమంది, ముఖాలెరగనివాళ్ళు,
ఎక్కడెక్కడో కూర్చుని ఒకే పడవకు తెడ్లు వేస్తారు.
గెలుపంటే అవతలి ఒడ్డు. అంతే.

కంప్యూటర్లలో రెండేళ్ళు నడిచింది.
ఇక టీవీల ముందు పెట్టుకునే పెట్టెల్లోకి, అంది బోగ్నా.
మూడు కంపెనీలు, మూడు పెట్టెలు.
బిందెలో నీళ్ళు కూజాలో వంపడమే కదా అనుకున్నాను.
కూజావాడి షరతులు అప్పటికి చదవలేదు.

రాయి హల్ష్కా, రాయి:
పరీక్ష యంత్రాలు, రకానికి రెండు.
వాటిని బయటివాళ్ళకు చూపించబోమన్న కాగితాలకు లాయరు.
మీట పేరు తప్పు రాసినందుకు ఒక తిరస్కారం.
ఆట మధ్యలో చేతిలోని మీటల బ్యాటరీ అయిపోతే
తెర ఏం చెప్పాలో అది చెప్పనందుకు ఇంకొకటి.
తిరస్కారానికి మూడు వారాలు,
ఆ మూడు వారాలూ ఏడుగురి జీతాలు.
ఒక పెట్టెలో పూడ్చిన చిల్లు
మిగతా రెండింట్లో పూడేదాకా
పడవలన్నీ రేవులోనే.
సర్వర్ల అద్దె మాత్రం, ఎవరు ఆడినా ఆడకున్నా,
ఒకటో తారీఖుకి గుమ్మంలో ఉంటుంది.

"తడిసి మోపెడవుతోంది" అన్నాను.
"పడవన్నాక తడవదా" అంది బోగ్నా.
ఆ నెల తన జీతం గడి ఖాళీగా వదలమంది.
పై నెల ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

చివరికి మొండికేసింది చిన్న పెట్టె,
అన్నిట్లోకీ చవకది, ఒళ్ళో పెట్టుకుని ఆడేది.
నీళ్ళు మోసింది. తెడ్లు మోసింది. పన్నెండుమందినీ మోసింది.
అవతలి ఒడ్డు మోయలేకపోయింది.
వీటోల్ద్ రెల్లు కోశాడు, దుబ్బు తర్వాత దుబ్బు.
కొంగల్ని తోలేశాడు.
ఆ కొంగలు గీసినమ్మాయికి పదకొండు రోజుల కూలి ఇచ్చాం, రసీదుంది.
నీళ్ళలోంచి చంద్రుణ్ణి కూడా తీసేశాడు.
అయినా పడవ నత్తే.
ఒక రాత్రి, రెండు దాటాక,
పొగమంచు తెచ్చి ఒడ్డు మీద కప్పాడు.
ఒడ్డుకన్నా పొగమంచు తేలికట.

విడుదల రోజు నన్నూ కూర్చోబెట్టి
చిన్న పెట్టె చేతికిచ్చారు.
పాలలో ముంచిన గుడ్డలా అంతా తెలుపు.
తెడ్డు వేస్తున్నాను, ఎటో.
పెద్ద పెట్టెలవాళ్ళకు కనబడుతూనే ఉంది
దీపం, రాతిమెట్లు, మెట్ల మీద ఆరేసిన వల.
వాళ్ళలో ఒకరు, పేరుకు బదులు అంకెలున్న మనిషి,
తెర అడుగున రాయడం మొదలుపెట్టారు.
ఎడమకు.
ఎడమకు.
ఇంకొంచెం.
నా పొగమంచు వాళ్ళకు కనబడదు.
నా తెడ్డు తడబాటు కనబడి ఉంటుంది.

మర్నాడు పుస్తకం తెరిచాను.
బ్యాంకు వాయిదాలు ఇంకా పద్నాలుగు.
అమ్మిన ప్రతి వందలో ముప్పై పెట్టెలవాళ్ళకు.
రెల్లు, కొంగలు, చంద్రుడు: ఖర్చు కింద రాశాను.
పొగమంచు దగ్గర కలం ఆగింది.
ఎదుటి గడిలో, ఆదాయం గడిలో,
పెన్సిలుతో చిన్నగా రాసుకున్నాను:
ఎడమకు, ఇంకొంచెం.

ఆడిటరు వచ్చేలోగా చెరిపెయ్యాలి.
మార్చిలో వస్తాడు.
ఇంకా ఫిబ్రవరే కదా.