అరుపూ గురకా

పామరేనియన్ కొనమన్నాడు మా బావమరిది తులసీరాం.
చీమ చిటుక్కుమన్నా మొరుగుతుందట,
బెల్ మోగితే గుమ్మందాకా పరిగెడుతుందట,
అక్క చెవులకి బదులు పనిచేస్తుందట.

పగ్ కొనమంది కింది వాటా కనకవల్లి.
దానికి తెలిసిన పని ఒక్కటే, ఒడి వెతుక్కోవడం.
మొహం మాత్రం
వడ్డీ కట్టలేక వాయిదా అడగొచ్చినవాడి మొహం.

సౌకార్‌పేటలో తూనికలు సరిచేసేవాణ్ణి నేను.
రెండు కుక్కల్నీ రెండు సిబ్బెల్లో పెట్టి
వారం రోజులు ముల్లు చూస్తూ కూర్చున్నాను.
తెల్లదానికి బొచ్చు ఎక్కువ,
వకుళ కుట్టుమిషన్ నిండా చేరుతుంది.
నల్లమూతిదానికి ఊపిరి తక్కువ,
మే నెల మద్రాసులో మనకే చాలని గాలి
ఆ చప్పిడి ముక్కులోకి ఎక్కణ్ణించి వస్తుంది?
ముల్లు నిలవలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి.
ఇరవై రెండేళ్ళు నా గురక మీద తగువాడిన మనిషి
ఒక ఆడి మాసంలో ఊరుకుంది.
తలగడ విసరడం లేదు, హాల్లోకి పొమ్మనడం లేదు.
గురక తగ్గిందనుకున్నాను.
పొద్దుటి నడక మహిమేనని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.
పాల కుక్కర్ కూతపెట్టి కూతపెట్టి మాడిపోయిన రోజున
తెలిసింది, తగ్గింది నాది కాదని.

చెవి మిషన్ పెట్టుకుంటే
పెరంబూరు మొత్తం తలలో దూరినట్టుందని
దాన్ని బొత్తాల డబ్బాలో దాచేసింది.

ఆదివారం కొళత్తూరు పోయాం, తులసీరాం ముందు, మేం వెనక.
చేపల తొట్లు దాటి, పావురాల గూళ్ళు దాటి
మేడ మీద ఎబినేజర్ ఇల్లు.
పామరేనియన్ పిల్ల మమ్మల్ని చూసి మొదలుపెట్టింది,
ఆపలేదు.
ఒళ్ళంతా అరుపే, నాలుగు కాళ్ళూ నేలకి ఆనడం లేదు.
"చూశారా సార్, కాపలా" అన్నాడతను గర్వంగా.
వకుళ దాని నోరు ఆడడం చూసింది కాసేపు,
శబ్దం కట్టేసిన టీవీని చూసినట్టు.
"ఇది మొరిగినా వినాల్సింది నేనేగా?" అంది.

ఇన్నాళ్ళూ
ఒక్కరికీ తట్టలేదు ఆ ముక్క.

పగ్ పిల్లలు అయిపోయాయి.
మూలన గోనెపట్టా మీద నాలుగేళ్ళది ఒకటుంది,
అన్నానగర్ వాళ్ళు వెనక్కిచ్చేశారు.
"ఏం, జబ్బా?"
"లేదు సార్, గురక. పాపకి పరీక్షలంట."

వకుళ కింద కూర్చుంది.
దాని పక్కటెముకల మీద చెయ్యి వేసి
అలాగే ఉండిపోయింది,
గుడ్డ నాణ్యం చూసేటప్పుడు ఉండిపోతుందే, అలా.
తర్వాత నా వైపు తిరిగింది.
"వినపడుతోంది" అంది.

డాక్టరమ్మ మమ్మల్నే తిట్టింది.
మనుషుల ముచ్చట కోసం నొక్కేసిన ముక్కయ్యా ఇది,
ఎండలో తిప్పొద్దు, లావెక్కనివ్వొద్దు, మెట్లెక్కించొద్దు.
మాది రెండో అంతస్తు.
రోజూ నాలుగుసార్లు ఎత్తుకుని మోస్తున్నాను.
శుక్రవారం శుక్రవారం తూచి పుస్తకంలో రాస్తున్నాను:
ఎనిమిది కిలోల నూటయాభై.
నా చేతికి మాత్రం అంతకన్నా ఎక్కువే తెలుస్తోంది.

బెల్ మోగితే అది లేవదు, చెవి కూడా కదపదు.
బెల్‌తో పాటు వంటింట్లో బల్బు వెలిగేలా
వీధి చివరి ఎలక్ట్రీషియన్ ఒక్క పూటలో వైరు లాగిపోయాడు.
తులసీరాం ఇంకా అలిగే ఉన్నాడు.

మొన్న కరెంటు పోయిన రాత్రి
వరండాలో చాప మీద ముగ్గురం.
దాని పొట్ట మీద తడిగుడ్డ,
తడిగుడ్డ మీద వకుళ కుడిచెయ్యి.
నాకెప్పుడు నిద్ర పట్టిందో తెలీదు.
మెలకువ వచ్చేసరికి
ఎడమచెయ్యి నా రొమ్ము మీద ఉంది,
ఎంతసేపట్నించి తూస్తోందో.

"నీదే ఎక్కువ" అంది
పాత తగువు గొంతుతో,
తలగడ అందుకుంటూ.