కొండమీద కుండ లెక్క

లిమా నగరం చివర,
పొగమంచు తప్ప ఏదీ ఊరికే ఎక్కిరాని కొండ మీద
హెర్మెలిండా రాసిన లెక్క ఇది.
పాత బడి నోటుబుక్కు. మొదటి పేజీలో కూతురి గుణకారాలు,
రెండో పేజీ నుంచి ఆకలి.

మే నాలుగు. తొంభై ఏడు పళ్ళేలు.
కోడికాళ్ళు మూడు కిలోలు.
బియ్యం, నూడుల్సు, బంగాళాదుంప:
తెల్లదాని మీద తెల్లది, దాని మీద ఇంకో తెల్లది.
క్యారెట్లు రెండు. అవి వాసనకి.
పొయ్యిలోకి ఒక కుర్చీ.

కిందికి దిగడానికి ఆడవాళ్ళకో రోజు, మగవాళ్ళకో రోజు.
దిగినా చేతిలో ఏముంది?
తోపుడుబండి మీద చేపలమ్మే ఫ్లోరెన్సియో ఇంట్లో
నీచువాసన పోయి నెలయింది.
పిల్లి కూడా ఇల్లు మార్చింది.

సాతుర్నీనో తాతకు మధుమేహం.
చిక్కుడుగింజలు, ఆకుకూర, గుప్పెడు క్వినోవా,
పదేళ్ళుగా నియమం తప్పని మనిషి.
ఇప్పుడు గరిటెలో ఏది పడితే అదే పథ్యం.
నర్సు ఫోన్లో గద్దించింది: తీపి తింటున్నారా?
"ఇంట్లో పంచదార పలుకు లేదు తల్లీ,
ఒంట్లోకే, ఎక్కణ్ణుంచి వస్తోందో చక్కెర!"
అవతల కాసేపు మాట లేదు.
ఫోన్ కట్టయిందేమోనని
ఆయన రెండుసార్లు హలో అన్నాడు.

బడి మూతపడ్డ రోజునే
బడిలో ఇచ్చే గుడ్డూ పాలూ మూతపడ్డాయి.
పాఠం మాత్రం పక్కింటి టీవీలోంచి వస్తుంది.
ఈ వారం తిన్నవాటి బొమ్మలు గీసి
రంగులు వేయమన్నారు.
యాడిరా కాగితం అలాగే తిరిగి ఇచ్చింది.
"వేయలేదేం?"
"వేశానుగా."

మే పదకొండు. నూట పన్నెండు.
కోళ్ళ అంగడివాడు పారబోసే నెత్తురు
బకెట్టుడు ఇచ్చాడు, డబ్బు అడగలేదు.
ఉల్లిపాయ వేసి వేయిస్తే నల్లగా, పొడిపొడిగా వచ్చింది.
పిల్లలు ముక్కు మూసుకున్నారు,
ఆ మూసుకున్న వేళ్ళే ఆపైన నాకారు.
పాలిపోయిన వాళ్ళ కనురెప్పలు లాగి చూసి
హెర్మెలిండా ఏదో గొణుక్కుంది,
ప్రార్థనో, తిట్టో.

పళ్ళేలు కడగడానికి నీళ్ళు లేవు.
ట్యాంకరు శుక్రవారం వస్తుందంటున్నారు,
ఏ శుక్రవారమో చెప్పలేదు.

అడుగంటిన మాడు గీరి, నిలబడే తిందామె.
దాన్ని ఏ గడిలో రాయాలో తోచక
పెన్నుకి మూత పెట్టింది.
కింద నగరం ఉండాల్సిన చోట మంచు.
కట్టెలు తడిసి ఉన్నాయి.
రేపటికి
ఇంకో కుర్చీ ఉంది.