ఇసక రుచి

కోటవీధిలో కోట లేదు.
సోల్జర్‌పేటలో సోల్జర్లు లేరు,
గేటు ముందు ఆరేసిన నెత్తళ్ళు,
వాటికి కాపలాగా ఒక పిల్లి.
వన్‌టౌన్‌లో పేర్లన్నీ ఇంతే,
ఖాళీ చేసిన అద్దెకొంపకి
తీయడం మరిచిపోయిన బోర్డులు.

నా చేతిలో టేపు, అట్ట, ఫారం.
పడగొట్టాలా నిలబెట్టాలా
పన్నెండు గళ్ళలో తేల్చి సోమవారానికి ఇవ్వాలి.
నా వెంట దాలయ్య.
గానుగ సున్నం పని తెలిసినవాడు ఇంకొకడు లేడని
ఆఫీసులో ఎవరో అంటే
గాజువాక నుంచి పిలిపించాను. ఆటో ఖర్చు నాదే.

బంగళాకి సముద్రం వైపు ఎనిమిది స్తంభాలు.
దొర ఇక్కడే కుర్చీ వేయించుకుని
తెరచాప కనబడగానే లెక్కల పుస్తకం తెరిచేవాడట.
ఇప్పుడు స్తంభానికీ స్తంభానికీ మధ్య
క్రేన్లు, బొగ్గు గుట్ట,
గుట్ట మీదుగా కాస్తంత యారాడ కొండ
నీళ్ళలోకి ముక్కు దించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా.
సముద్రం వినబడుతుందంతే
పక్కవాటాలో మనిషిలా.

తలుపు ఎత్తు పదకొండు అడుగులు.
"ఇంత పొడుగు మనిషి ఎవరుంటారు దాలయ్యా?"
"దొరలదేటుంది, అయిదున్నర అడుగులు.
తలుపు గాలి కోసవెట్టినారు."

మిద్దె కింద నిలబడి తలెత్తాడు.
టేకు దూలాలు, వాటి మీద నిలువునా పేర్చిన సన్నిటిక,
ఇటిక మీద గచ్చు.
కరక్కాయ, బెల్లం నీళ్ళు, గానుగలో తిరిగిన సున్నం.
"ఎద్దు కళ్ళకి గుడ్డ కట్టీవోరు.
అయినా బెల్లం వాసనొస్తే ఆగిపోయీది."
రెండొందల ఏళ్ళుగా మన నెత్తిమీద తీపి ఉంది,
చీమలకి కూడా కబురు అందలేదు.

ఆ తర్వాత అతను చేసిన పనికి
ఫారంలో గడి లేదు.
ఉబ్బిన పెచ్చొకటి గోటితో లేపి
విరిచి, లోపలి వైపు నాలుక మీద పెట్టుకున్నాడు.
కళ్ళు మూసుకున్నాడు.
ఉమ్మాడు.
నవ్వడం మొదలెట్టాడు.

"ఉప్పమ్మా!
బిల్లు గోస్తనీ ఇసక్కి రాసుంటారు,
ఏటి ఇసక. బండి మీద పోయి రావాలంటే రెండ్రోజులు.
బండోళ్ళు ఎల్లనేదు.
రాత్రికి రాత్రి ఇదిగో ఈ ఒడ్డునే ఎత్తుకొచ్చి పోసీసినారు."

అందుకా, ఆషాఢం వచ్చేసరికి ఈ గోడకి చెమట!
అందుకా, వెల్ల వేసిన ఏడాదికే పొలుసులు!
రేవులోకి ఇసక రాకుండా
ముసలి ఓడలు రెండింటిని ముంచి
ఓడనే గోడ చేసుకున్న ఊరిది.
ఇసక మాత్రం అంతకు ముందే
ఇంట్లోకి వచ్చి కూచుంది.
కంపెనీ పోయింది, రాణీ పోయింది,
ఎగ్గొట్టిన ఆ రెండ్రోజుల దారి
ఇంకా గోడలోంచి బయటికి నడిచి వస్తూనే ఉంది.

ఇంజనీరుని, నాకు కోపం రావాలి.
రాలేదు. ఆ రాత్రి కనబడింది.
నురగ అంచున పారలు,
చక్రాలకి చుట్టిన గోనెపట్టాలు,
ఎద్దు మెడలో గంటకి కుక్కిన గడ్డి,
నవ్వాపుకోలేని ఒకడు,
వాడి నోరు అరచేత్తో మూసిన ఇంకొకడు.

"మీవాళ్ళేనేమో దాలయ్యా?"
"మావోళ్ళు సున్నం. ఇసకోళ్ళు వేరు,"
అన్నాడు, కాస్త ఈర్ష్యగా.

ఆఖరి గడి: నిర్మాణ లోపాలు.
కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
కాగితం మీద బొగ్గు నలుసులు వాలుతున్నాయి.
ఒక కొండ మీద చర్చి గంట,
పక్క కొండ మీద దర్గా మైకు,
రెండూ అయ్యేదాకా ఆగినట్టు ఓడ కూత.
"సముద్రం" అని రాసి
కొట్టేసి
"ఉప్పు" అని రాశాను.
అర్థం కాకపోతే వాళ్ళే అడుగుతారు.

దాలయ్య మిగిలిన పెచ్చుని
లుంగీ అంచుతో తుడిచి
గోడలో దాని చోట్లో పెట్టాడు.
నిలబడలేదు.
కిందికి వంగి, వెతికి,
మళ్ళీ పెట్టాడు.