ఏడో నంబరు బల్ల

హోగ్ని రాజీనామా రెండు వాక్యాలు:
"జీతం బాగుంది.
రోజులు బాగాలేవు."
ఇరవైమూడేళ్ల కుర్రాడు. కత్తి కడిగి, తుడిచి,
నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఇది క్లాక్స్‌విక్ రేవు, ఫారో దీవుల్లో.
కాడ్ చేపకు ముళ్లు తీసి, ముక్కలు కోసి,
మంచులో పడుకోబెట్టే ఫ్యాక్టరీ.
నేను దానికి మేనేజరుని.
ఆ ఏడు వెళ్ళిపోయిన పదకొండో మనిషి హోగ్ని.

అప్పటికి నేను చేయనిదంటూ లేదు.
బోనసు పెంచాను.
ఈలలు వేసే కాఫీ యంత్రం తెప్పించాను.
సంతోషాన్ని ఒకటి నుంచి ఐదు దాకా
కొలిచి చెప్పమని కాగితాలు పంచాను.
ఒకటి తిరిగొచ్చింది
అంకె లేకుండా, ఎండిన పొలుసు అంటుకుని.
"ఈ నెల ఉత్తమ ఉద్యోగి" అని గోడకు ఫ్రేము కొట్టించాను.
మర్నాటికి అందులో కాడ్ చేప ఫొటో,
కింద మార్యున్ దస్తూరీ:
"ఉన్నదంతా ఇచ్చేసింది."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
తలుపేసుకున్నాక నవ్వు రాలేదు.

మా నాన్నకు సొంత పడవ ఉండేది. ఆయన లెక్క తేలిక:
తిన్న ఉప్పుకు విశ్వాసం.
ఇన్నాళ్లూ నేనూ ఆ తక్కెడే పట్టుకు కూర్చున్నాను,
ఉప్పు సముద్రానిదన్న మాట మరిచి.

హోగ్ని కత్తి తీసుకుని కిందికి దిగాను.
రబ్బరు బూట్లు రెండు సైజులు పెద్దవి.
ఏడో నంబరు బల్ల దగ్గర తోరా,
ముప్పై ఒక్కేళ్లు పండిన చెయ్యి,
నా మణికట్టు పట్టుకుంది.
"ముల్లును వెతక్కు. నెమ్మదిగా పో. అదే చెబుతుంది."
గంటలో పద్నాలుగు చేపలు పాడుచేశాను.
ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

నాలుగో రోజు, కత్తి ఆపకుండానే, తోరా అడిగింది:
"ఇవి ఎక్కడికి పోతాయి?"
"ఎగుమతికి."
"అది ఊరా?"

నీళ్లు నమిలాను.
ముప్పై ఒక్కేళ్లుగా ఆమె చేతి కింద నుంచి కదిలిందంతా
ప్లాస్టిక్ తెర దాటి, గోడ కంతలోంచి,
ఎక్కడికో.
ఇటు ఏ పడవ తెచ్చిందో తెలీదు,
అటు ఏ పళ్ళెం చేరిందో తెలీదు.
మధ్యలో ఒక ట్యూబులైటు, ఒక గడియారం.
ఆ గడియారం పెట్టించింది నేనే.

రేవు వైపు గోడకు కిటికీ కొట్టిస్తానన్నాను.
"కిటికీ వల్ల ఉత్పత్తి ఎంత పెరుగుతుంది?" అన్నారు డైరెక్టర్లు.
నా దగ్గర అంకె లేదు.
కాఫీ యంత్రం అమ్మితే సగం ఖర్చే వచ్చింది,
మిగతా సగానికి బతిమాలాను.

పెట్టె మూత మీద కోసినవాళ్ల బల్ల నంబరు రాసుకోమన్నాను.
షిఫ్టుల పలక, సుద్దముక్క వాళ్లకే వదిలేశాను.
మొదటి వారం రభస.
బార్దుర్, మార్యున్ మాటలు మానేశారు.
మంగళవారం గంట ఆలస్యంగా వస్తానంది లుజ్వింద.
కారణం అడగబోయి
నాలుక కరుచుకున్నాను.

ఇప్పుడు పడవ మలుపు తిరగ్గానే
ఎవరో ఒకరు పేరు కేకేస్తారు,
తలలన్నీ ఒక్కసారి లేస్తాయి.
రోజుకు ఎన్ని నిమిషాలు పోతాయో
నేను లెక్కపెట్టడం లేదు. నిజానికి,
అప్పుడప్పుడు లెక్కపెడతాను.

హోగ్ని తిరిగి రాలేదు.
ఏప్రిల్లో బిల్బావో నుంచి ఫొటో పంపాడు:
చేపల అంగడి, తడి నేల,
అరుస్తూ చేయి చాచిన ఓ ముసలమ్మ,
ఆమె మోచేతి పక్కన మా పెట్టె.
మూత మీద వంకర ఏడు.

తోరా ఫోనును దూరంగా పట్టుకుని చూసింది,
దగ్గరగా పట్టుకుని చూసింది.
"బేరం బాగా ఆడుతోంది" అంది.
గ్లవుజు తొడుక్కుంది.

కాడ్ చేపను ఫ్రేములోంచి ఎవరు తీశారో తెలీదు,
ముసలమ్మ వచ్చి కూర్చుంది.

పలక మీద శనివారం గడి మాత్రం ఖాళీ.
మూడు వారాలుగా అంతే.
ఎవరినీ పిలవలేదు.
బూట్లు నా సైజువి కొనుక్కున్నాను,
సుద్దముక్క కోసం వెతుకుతున్నాను.