ఒకటో నంబరు

లోసరిలో ఉప్పుటేటి గట్టున
రేకుల షెడ్డులో, మేత బస్తాల వెనక
పదకొండు వందల రోజులుగా కన్ను మూయని పెట్టె.
ఆపితే మళ్ళీ లేవదని అందరికీ అనుమానం.
అందుకే ఎవరో దాని స్విచ్చుకి
కొబ్బరి తాడు చుట్టి పసుపు పూశారు.

నాలుగు చెరువులు, పదహారు ఏరేటర్లు
దాని మాట మీదే తిరుగుతాయి.
ఆర్నెల్ల కింద ఓ రాత్రి
ఆక్సిజన్ కొలిచే ప్రోగ్రాం కూలబడింది.
లేపేవాడు లేడు.
ఒకటో నంబరులో కూర్చున్న పాత ఇనిట్‌కి
పుట్టించడం తెలుసు, పడ్డవాణ్ణి చూడ్డం తెలీదు.
తెల్లారేసరికి మూడో చెరువు అంచులంతా రొయ్యలు.
అమ్మిరాజు గారు గట్టున కూలబడి
లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నారు,
ఎవర్నీ ఏమీ అనలేదు.

ఒకటో నంబరంటే సామాన్యమా!
తల్లి పోయిన ప్రతి పనినీ దత్తు తీసుకునేది అదే.
చచ్చిపోయీ పట్టీలో పేరు మిగిలినవాళ్ళకి
ఆఖరి లెక్క చూసి పంపేసేదీ అదే.
అది రెప్పపాటు కుర్చీ వదిలిందా,
కెర్నెల్ గుండె బాదుకుని
అక్కడికక్కడే ఆగిపోతుంది.

కాలవకి షట్టరు మార్చాలంటే
ఎండాకాలం నీళ్ళు కట్టేస్తారు.
పిల్లలు బురదలో మట్టగిడసలు పడుతుంటే
తీరిగ్గా బిగిస్తారు పలక.
దీనికి కట్టే కాలం లేదు.
పారే నీళ్ళలోనే మార్చాలి.

రాత్రి రెండున్నర. ఏసోబు టార్చి పట్టుకున్నాడు.
కొత్త ఫైలుని పాతదాని పేరు మీదికి
ఒక్క తోపులో జరిపాను.
పాతది చావలేదు.
పేరు పోయినా, పట్టుకున్న చెయ్యి ఉన్నంతసేపు
ఫైలు బతికే ఉంటుంది,
రేషను కార్డులో పేరు కొట్టేసినా
రోజూ వచ్చి కాఫీ తాగిపోయే మా సత్యవేణత్తలా.

ఇక దానికే చెప్పాలి:
కుర్చీలోంచి లేవకు,
లేవకుండానే ఇంకొకడివైపో.

ఎంటర్ మీద వేలు.
చెమట కీబోర్డు మీద పడింది.
నొక్కాను.

స్క్రీను మీద ఏమీ రాలేదు.
అదే ఒకటో నంబరు, అదే పుట్టిన టైము,
లోపల మనిషి వేరు.
బయట పదహారు చక్రాలు
నీళ్ళని కొడుతూనే ఉన్నాయి.

"ఎప్పుడు మొదలెడతారమ్మా?"
ఆవులించాడు ఏసోబు.

ఆక్సిజన్ ప్రోగ్రాంని నేనే చంపి చూశాను.
రెండు లెక్కపెట్టేలోపు లేచి కూర్చుంది.
మళ్ళీ చంపాను, మళ్ళీ లేచింది.
మూడోసారికి చెయ్యి రాలేదు.

నాలుగింటికి దావీదు డ్యూటీకొచ్చాడు.
వెలుగుతున్న టార్చినే వాడి చేతికిచ్చి
ఏసోబు సైకిలెక్కాడు.

ఆపి లేపితే లేస్తుందా? నాకూ తెలీదు.
పట్టుబడి అయ్యాక,
చెరువులు ఎండగట్టినప్పుడు చూద్దాం.
తాడు ఇంకా విప్పలేదు.