పిలవని పెండ్లి

మామిడి సీజను, గుజ్జు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ,
ప్రతి ఏడూ ఏదో ఒకటి.
"ఇంక వాయించడంట, ఇదే ఆఖరు" అని
డోలు మురుగేశం ఫోన్ చేసినాక
చిత్తూరు నించి కార్వేటినగరం దాకా
బస్సులో నిలబడే పోయినా.

ఇరవై ఏండ్లు క్యాసెట్లో విన్న నాదస్వరం
ఇంత చిన్న మనిషిదా!
రొమ్ములో ఎముకలు లెక్కపెట్టొచ్చు.
తోడి ఎత్తుకున్నాడు.
పందిట్లో సగం మంది పంక్తికి లేచిపోయినారు.

పై షడ్జం కాడ ఊపిరి అందలా.
శిష్యుడు అందుకోబోతే
కంటితోనే వద్దన్నాడు,
ఆ ఖాళీని అట్లే ఉంచినాడు.

నా క్యాసెట్లో ఆ చోటే టేపు నలిగి
గరగరమంటాది.
ఆ స్వరం నేను ఎప్పుడూ వినలేదు,
ఈపొద్దూ వినలేదు.

తిరుగు బస్సులో పక్కనాయన
నా చేతిలో తాంబూలం సంచి చూసి అడిగినాడు,
పెండ్లి ఎవురిదని.
తెలీదన్నా.