అడ్డచుట్ట

సిరిపురం షాపులో కొన్న నల్లటి ఆకులు,
సముద్రపు నాచును కాగితంలా ఆరబెట్టి
పదింటిని ఒక కవరులో పెట్టినవి.
ఖరీదు ఇంట్లో చెప్పలేదు.
కవరు చింపి గట్టు మీద పెట్టి
ఫోను మోగితే వెళ్ళొచ్చేసరికి
మెత్తబడి కూర్చున్నాయి.

తప్పు నాదే.
ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసుకునే ఊరు మనది.
అప్పడాలు వేయించిన చేతుల్లోనే వాలిపోతాయి.
కంచరపాలెంలో మా కిటికీ తీస్తే
సముద్రం కనిపించదు గానీ
గోడ సున్నంలోకి, తలుపు బోల్టు తుప్పులోకి
రోజూ వచ్చి పోతూనే ఉంటుంది.
నాచు దాని సొంత సరుకు కదా,
గుర్తుపట్టి ఉంటుంది.

ఆకుల్ని పెనం మీద అటూ ఇటూ వెచ్చబెట్టాను.
లేచి నిలబడ్డాయి, కాసేపు.

అన్నంతోనే అసలు తగువు.
మెతుకు మెతుకు విడిగా ఉండాలని
పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ
గరిటె కాడతో మోచేతి మీద నేర్పిన పాఠం
ఇవాళ మరిచిపోవాలి.
చిట్టిముత్యాలు, ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ,
నూడుల్స్ కోసం కొన్న వెనిగర్ రెండు చెంచాలు,
చిటికెడు పంచదార.
కరెంటు బిల్లుతో విసురుతూ చల్లార్చాను.
వేళ్ళకి ముద్ద అంటుకుంటుంటే
ఎవరైనా చూస్తారేమోనని తలుపు వైపు చూశాను.

చూసింది కూడా.
ఆదివారం పదిన్నరకి మెట్ల మీద
సత్తు తట్ట దించుతూ పరదేశమ్మ.
పుట్టి బుద్ధెరిగి
జాలారిపేట, హార్బరు, మా వీధి మెట్లు తప్ప
ఏ దేశమూ తొక్కని మనిషికి ఆ పేరు.
"కోనాం ఉంది. ఏటొండుతున్నావు?"
చెప్పాను.
"పచ్చిదే తింతారా! ఓలమ్మో,
పిల్లులే నయం, అయి దొంగతనంగానైనా తింతాయి."

పచ్చిది కాదులే అన్నాను,
నాకూ అంత ధైర్యం లేదు.
మెడ కింది ముక్క, ముళ్ళు ఏరి
పసుపూ ఉప్పూ రాసి పెనం మీద రెండు పక్కలా.
కీరా పొడుగ్గా. దోరమామిడి ఒక చీలిక.
వాళ్ళు పెట్టే ఆకుపచ్చ ఘాటు దొరకలేదు,
ఆవాలు నానబెట్టి రోట్లో నూరాను.
పులిహోరలో పెట్టే ఆవే,
చెయ్యి జారి కాస్త ఎక్కువ.

అరకులో కొన్న వెదురు చాప
ఇన్నాళ్ళూ కాఫీ కప్పుల కింద పడి ఉన్నది.
దాని మీద ఆకు, ఆకు మీద అన్నం,
తడి వేళ్ళతో సర్ది
అంచు పట్టి ఎత్తితే
మొదటిది పక్కలు చిరిగి కడుపు బయటపెట్టింది.
రెండోది లావుగా, వంకరగా
ఎలాగో నిలిచింది.

పరదేశమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి
వెలుతురుకి తిప్పి చూసింది.
"ఇదేటి, సుట్టా?"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు.
ఆవిడ రొంటిన దోపిన చుట్ట కూడా
అచ్చం అంతే వంకర.

రెండు ముక్కలు కోసిచ్చాను.
నమిలింది. ఆగింది.
ఆవ ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంటే
కళ్ళు మూసుకుని, మెట్టు అంచు పట్టుకుని
అలా కూర్చుండిపోయింది,
నలభై ఏళ్ళుగా నిప్పు వైపు నోట్లో పెట్టుకుని
వీధంతా బేరాలాడిన మనిషి.
కొంగుతో కళ్ళొత్తుకుని
"ఇదీ అడ్డసుట్టే. నిప్పు లోపలికెట్టినావు" అంది.
రెండో ముక్క కూడా వదల్లేదు.

రాత్రి పోర్టు నుంచి సింహాద్రి
చెవుల్లో బొగ్గు పొడితో వచ్చి
పళ్ళెంలో మిగిలిన ఆరు ముక్కలూ చూశాడు.
ఏమీ అనలేదు.
ఒక్కోటీ విప్పి, నల్లాకు పక్కన పెట్టి,
చేపా అన్నమూ మామిడీ కలిపి
నిన్నటి చారు పోసుకున్నాడు.
చివర్లో ఆ ఆకుల్ని నంజుకుని
"అప్పడాలు మెత్తబడిపోయాయి" అన్నాడు.

ఇంకా ఎనిమిదున్నాయి,
బియ్యం డబ్బాలో అడుక్కి దాచాను.
వచ్చే ఆదివారం సూర తెస్తుందట పరదేశమ్మ.
తట్ట నెత్తికెత్తుకుంటూ చెప్పింది,
"డబ్బులొద్దు. నాకు రెండు సుట్టలు కట్టు."